ఆది జాకెట్టు

పోయినవారం భానుప్రియను ఉషారాణి రైల్వే కోటర్ గుమ్మంలో వదిలేసి మనదారిన మనం పోయాం. చేతిలో డంబెల్స్ ఉన్న గుడ్డసంచి, కళ్లలో నీళ్లు, నోట్లో "నేనింక రాను దీదీ" అనే ఒక్క మాట. పాపం, ఆ పిల్ల వారం రోజులుగా అక్కడే నిలబడి ఉంది. ముందు లోపలికి రానిద్దాం.

కథలోకి కొత్తగా వచ్చినవాళ్లకు రెండు ముక్కలు. భానుకు ఇరవై నాలుగేళ్లు. తండ్రి సింహాచలం రైలు పట్టాల బిగింపులు చూసే కీమేన్ డ్యూటీలో వాటి వెంట నడిచి నడిచి రిటైరయ్యాడు, మూడేళ్ల కిందట పోయాడు. తల్లి అప్పలకొండ బిలాస్‌పూర్ చివర లాల్‌ఖదాన్‌లో, రెండు గదుల అద్దె ఇంట్లో జాకెట్లు కుడుతుంది. భాను రైల్వే గ్రూప్ డి రాత పరీక్ష పాసయింది. ఇల్లు అలకగానే పండగ కాదు కదా, ఒంటి బలం పరీక్ష మిగిలింది. పరుగు సంగతి ఆమెకు బెంగ లేదు. బెంగంతా రెండోదానికే. ఇరవై కిలోల బస్తా మోస్తూ రెండు నిమిషాల్లో వంద మీటర్లు దాటాలి. మధ్యలో కింద పెడితే అంతే సంగతులు, రెండో అవకాశం ఇవ్వరు. ఆ పరీక్ష సోమవారం పొద్దున్న. ఇవాళ గురువారం.

ఇలాంటి సమయంలో ఎవరైనా బస్తా వదిలేస్తారా? భాను వదిలేసింది. తొమ్మిది రోజుల కిందట కొలతకని తల్లి ఉంచిన తన ఆది జాకెట్టు తొడుక్కోబోతే చెయ్యి భుజం దాకా ఎక్కలేదు. తన చేతులు మగవాడి చేతులైపోతున్నాయని హడలిపోయి, ఆ రోజు నుంచి ఏ బరువూ ముట్టుకోలేదు.

"సోమవారం పరీక్ష పెట్టుకుని గురువారం సామాను వాపసిస్తున్నావేటి?" అంది ఉషారాణి. ఒకప్పుడు వెయిట్‌లిఫ్టర్‌గా స్పోర్ట్స్ కోటాలో రైల్వేలోకి వచ్చిన మనిషి, భానుకు బరువులెత్తడం నేర్పుతున్నది ఆమే. ఇప్పుడు నలభై మూడేళ్లు, టికెట్ కలెక్టర్ ఉద్యోగం, కోటర్లో ఒక్కతే. అప్పుడే డ్యూటీ దిగి వచ్చిందేమో, నల్లకోటు కుర్చీ వీపుకు తగిలించి ఉంది. ఆ టేబుల్‌కి ఉన్నది ఆ ఒక్క కుర్చీయే. భాను మంచం అంచున కూర్చుంది.

"డర్ లగ్‌తా హై దీదీ, భయమేస్తంది. అద్దంలో సూసుకుంటే ఈ భుజం నాది కాదనిపిస్తంది. నౌకరీ వస్తే వస్తాది, ఈ చేతులు జిందగీ భర్ నాతోనే ఉంటాయి కదా. మా గల్లీలో ఆంటీ ఏటందో తెలుసా? నీ చెయ్యి సూస్తే మా ఆయన గుర్తొస్తన్నాడే అంది."

"వాళ్లాయన్ని నాను సూసేను. అంత చెయ్యి నేదు ఆ మనిషికి," అంది ఉషారాణి.

భానుకు నవ్వు రాలేదు. ఉషారాణి అది గమనించి, ఇంకేం వేళాకోళమాడకుండా లేచి, సొరుగులోంచి ఒక నోటుపుస్తకం, టేపు తెచ్చింది. జూన్ మూడో తారీకు పేజీ తీసింది. భాను మొదటి రోజు కొలతలన్నీ అందులో ఉన్నాయి. జబ్బ దగ్గర పదీ ముప్పావంగుళాలు. ఇప్పుడు భాను చెయ్యి పట్టుకుని అదే చోట టేపు చుట్టింది. పదకొండు.

"పావంగుళం. నాలుగు నెలలకి పావంగుళం. రోజూ పూరీలు తిన్నా అంత పెరుగుద్దే!"

"మరి జాకెట్టు ఎందుకు ఎక్కట్లేదు? అమ్మ అంటది, టేపు మనిషి చేతిలో ఉంటది, బిగించి పడితే ఒకలాగ, ఒగ్గేసి పడితే ఒకలాగ అని. టేపు అబద్ధమాడుద్ది గానీ ఆది జాకెట్టు ఆడదు అని."

"అచ్ఛా. అయితే నన్నెందుకు అడుగుతావు, ఎల్లి ఆ జాకెట్టునే అడుగు." ఉషారాణి టేపు చుట్టచుట్టి బల్ల మీద పెట్టింది. తన చొక్కా చెయ్యి పైకి మడిచింది. గుండ్రంగా, గట్టిగా ఉన్న జబ్బ. "ఇరవై రెండేళ్లు ఎత్తేను భానూ. కాంపులు, గుడ్లు, పాలు, కోచ్ తిట్లు. అప్పుడొచ్చింది ఈ చెయ్యి. నీకు నాలుగు నెలలకే వచ్చేస్తదని భయమా? అంత సులువుగా వచ్చేదైతే నాను అన్నేళ్లు ఎందుకేడుస్తాను?"

భాను ఎన్నాళ్లనుంచో అడగాలనుకున్నది అడిగేసింది. "మీకెప్పుడూ భయమెయ్యలేదా దీదీ?"

"చెయ్యికి ఎయ్యలేదు. డ్యూటీ దిగొచ్చి, బయట తాళం నానే తీసుకుని, లోపల లైటు నానే ఏసుకుంటాను సూడు, అప్పుడేస్తది." కిటికీలోంచి బయటికి చూస్తూ అంది ఉషారాణి. "అందరూ ఈ చేతుల వల్లే ఒక్కద్దాన్నీ మిగిలేనంటారు. మా చెల్లి చేతులు మునక్కాడల్లాగుంటాయి. అదీ రాయ్‌పూర్‌లో తాళం తానే తీసుకుని బతుకుతంది. చేతులకీ దానికీ ఏటీ సంబంధం నేదు. ఎల్లు. డంబెల్స్ ఇక్కడే ఉంటాయి. సాయంత్రం దాకా సూస్తాను."

భాను ఇంటికి చేరేసరికి మూడు కావస్తోంది. పెరటి కుళాయి దగ్గర బంతి మొక్కలు విరగబూసి ఉన్నాయి. వాటి మొదట్లో మెత్తటి ఇసుక పేరుకుని ఉంది. రోజూ చూసేదే కాబట్టి భాను దాన్ని పట్టించుకోలేదు. గోడవారన ఆమె బస్తా ఉంది. జూన్‌లో ఉషారాణి ఇరవై కిలోలు తూకం వేయించి ఇసుక పోయించిన బస్తా. మూతి కుట్టింది మాత్రం అప్పలకొండే. తొమ్మిది రోజులుగా ముట్టుకున్నవాళ్లు లేక దాని మీద కాకి రెట్ట ఎండిపోయింది.

లోపల అప్పలకొండ మిషన్ మీద వంగి ఉంది. పక్కన రేకుపెట్టె తెరిచి ఉంది. అందులో ముప్పై పైగా ఆది జాకెట్లు. అప్పలకొండకు చదువు రాదు కనుక ఎవరి జాకెట్టు ఏదో తెలియడానికి మెడ దగ్గర రంగు దారంతో ముడి వేసుకునేది. పచ్చముడి చిన్నమ్మిది. మొగుడు రిటైరయ్యాక పలాస వెళ్లిపోయింది. పసుపుముడి ఆవిడ కాలం చేసి నాలుగేళ్లయింది. మిగతావాళ్లలో కొందరికి బదిలీ అయింది, కొందరు కుర్తాల్లోకి దిగిపోయారు. ఆది జాకెట్టు అంటే మళ్లీ కుట్టించుకుంటామని ఇచ్చేది. మళ్లీ రానివాళ్ల జాకెట్లే ఆ పెట్టెలో ఉన్నాయి. వాటిని ఎవరికీ ఇవ్వదు, పారెయ్యదు. ఏడాదికోసారి ఎండలో వేసి, పేరు పేరునా తలుచుకుంటూ మడతపెట్టుకుంటుంది.

జాకెట్టునే అడగమన్న ఉషారాణి మాట తలుచుకుని భాను చిలక్కొయ్యకున్న తన మెరూన్ జాకెట్టు తీసి లోపలి వైపుకు తిప్పింది. గుమ్మంలో వెలుతురుకు పట్టి చూసింది. రెండేళ్ల కిందట కుట్టిన కుట్టు ఇటుక రంగుకు వెలిసిపోయి ఉంది. దాని పక్కనే లోపలికి ఒక కుట్టు, ఇంకా లోపలికి ఒకటి, ఇంకా లోపలికి మరొకటి. ఆ మూడు కుట్ల దారం నిన్న రీలులోంచి తీసినట్టు మెరుస్తోంది. రెండో చెయ్యీ అంతే.

"అమ్మా. ఇదేటి?"

మిషన్ ఆగింది. అప్పలకొండ తల ఎత్తలేదు. "పాతది కదే. ఉతికితే ముడుచుకుంటది."

"ఉతికితే కొత్త దారం పుట్టుద్దా?"

బయట గూడ్సు బండి ఒకటి పోతోంది. పెట్టెలన్నీ దాటేదాకా ఇద్దరూ అలాగే ఉన్నారు. ఆ ఇంట్లో గొడవలు కూడా బండి దాటాకే మొదలవుతాయి. అరిచినా ఒకరిది ఒకరికి వినబడదు మరి.

"వారం వారం తొడుక్కో తొడుక్కో అన్నావు. కొత్తది కుడతాను, చెయ్యి సరిపోయిందో నేదో సూడాలి అన్నావు. ప్రతిసారీ ఇంకొంచెం టైటయింది. నేను అద్దం ముందు ఏడుస్తుంటే ఎనకాలే నిలబడ్డావు. 'సూసేవా, ఆది జాకెట్టు అబద్ధమాడదు' అన్నావు. తుమ్‌నే బోలా థా అమ్మా. నీ నోటితోనే అన్నావు."

పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుంది. అప్పలకొండ కళ్లు మూసుకుని కుట్లు వేసింది. ఇప్పుడు కళ్లు తెరవక తప్పలేదు.

"మూడుసార్లు," అంది నెమ్మదిగా. "మూడే సార్లు బిగించేను. ఆడపిల్లవి. రేపు నలుగురిలోకి ఎల్లినప్పుడు నవ్వుతారని..."

"నలుగురు నవ్వుతారనా? నలుగురి కోసం నా బట్ట బిగిస్తావా? అసలు సంగతి సెప్పు."

అప్పలకొండ మిషన్ చక్రం మీద చెయ్యి వేసి ఊరికే అటూ ఇటూ తిప్పింది. చెప్పడానికి లోపల మాటలు వెతుక్కుంటున్న మనిషిలా కనిపించింది. నిజానికి మాటలు ఎప్పటినుంచో ఉన్నాయి. అవి కూతురితో అనడానికి సిగ్గు.

"ఉజ్జోగం వస్తే నిన్ను ఏ అడవిలో ఏస్తారో. మీ నాన్న లైను మీదకి ఎల్తే నాను సీకటడీదాకా గుమ్మంలోనే ఉండీదాన్ని. పురుగో పుట్రో, బండో అని. అయినా ఆయన వచ్చీవోడు. నువ్వెల్తే సెలవులకి తప్ప రావు. అప్పుడు నాకెవలున్నారే? ఈ పెట్టెలో జాకెట్లతో మాటాడుకోవాలా నాను? సెయ్యి లావైపోతందని భయపడితే నువ్వే మానేస్తావు, నాను వద్దన్నట్టుండదు అనుకున్నాను. నాకు ఒక్కద్దాన్నీ ఉండాలంటే భయం భానూ. అంతే. ఇంకేటీ నేదు."

భాను కోపం ఎక్కడో సగంలో తెగిపోయింది. నేల మీద కూర్చుని తల్లి మోకాలికి తల ఆనించింది. తనకూ ఈ తొమ్మిది రోజులు ఎవరూ లేరు. అద్దం ఒకటీ, తను ఒకతే.

"అడగొచ్చు కదా అమ్మా. కోటర్ ఇస్తారు. నిన్నూ తీసుకెల్తాను కదా."

"నువ్వు తీసుకెల్తానంటావో నేదో అని అడగలేదు."

ఆ మాటకు ఇద్దరికీ ఏడుపొచ్చింది. ఏడుపులోంచి భానుకు కొంచెం నవ్వు కూడా వచ్చింది. తన చేతులు తనవే. నాలుగు నెలల కష్టానికి పావంగుళం పెరిగిన, తన సొంత చేతులు. ఇంకా నాలుగు రోజులున్నాయి. ఒక్క ఉదుటున లేచి, పెరట్లోకి పోయి, కాకి రెట్ట దులిపి, బస్తా ఎత్తి భుజానికి వేసుకుంది.

"టైము సూడమ్మా!" అంటూ గల్లీలోకి దిగింది. ఇంటి గుమ్మం నుంచి పైడిరాజు కిరాణా కొట్టు దాకా సరిగ్గా వంద మీటర్లని ఉషారాణి ఎప్పుడో కొలిచి పెట్టింది.

"భానూ, ఆగే! ఇప్పుడొద్దు!" అని అప్పలకొండ వెనకనుంచి అరిచింది. భాను ఆగలేదు.

తొమ్మిది రోజులు మానేసినా బస్తా బరువే అనిపించలేదు. కొట్టు చేరేసరికి ఆయాసం కూడా పెద్దగా రాలేదు. సంతోషంతో బస్తా దించబోతుంటే పైడిరాజు బియ్యం తూచే కాంటా చూపించాడు.

"ఇన్నాళ్లనుంచి మోస్తన్నావు, ఒకసారి దీనిమీదెట్టు పాపా. ఇరవై కిలోల బియ్యం బస్తాకి సచ్చిపోతాను నాను. నువ్వలా పరిగెడతావేటి?"

పెట్టింది. ముల్లు పద్నాలుగు దగ్గర ఆగింది. పైడిరాజు కాంటాను కాలితో ఒకసారి తట్టాడు. పద్నాలుగే.

అప్పుడు భానుకు బంతి మొక్కల మొదట్లో ఇసుక కళ్లముందు కనిపించింది. బస్తా మూతి చూసింది. అది చక్కగా, దగ్గర దగ్గరగా, వరసగా వేసిన కుట్టు. ఆ చెయ్యి ఎవరిదో లాల్‌ఖదాన్‌లో ఎవరినడిగినా చెబుతారు.

భాను తిరిగి వచ్చేసరికి అప్పలకొండ గుమ్మంలోనే ఉంది. కూతురి మొహం చూసి తనే చెప్పేసింది. "బరువు తక్కువైతే సెయ్యి పెరగదనుకున్నాను. రోజూ ఒక గరిటెడు. అంతకంటే తియ్యలేదు."

"ఎప్పటినుంచి?"

"జులై నుంచి."

"నీకు భయమేసి జాకెట్టు బిగించేవు. అది నేను మర్చిపోతాను," అంది భాను. గొంతు పెంచలేదు. "కానీ అమ్మా, సోమవారం అక్కడ ఇరవై ఇస్తారు. నేను మూడు నెలలు రోజురోజుకీ తగ్గిపోయే బరువు మోసి, నాకొచ్చేసిందనుకున్నాను. అందరి ముందూ మధ్యలో కింద పడేసేదాన్ని. ఎందుకు పడిందో కూడా నాకు తెలిసేది కాదు. ఆడదాన్ని కదా, నావల్ల కాలేదనుకునేదాన్ని. జిందగీ భర్ అలాగే అనుకునేదాన్ని."

అప్పలకొండ గుమ్మంలోంచి పక్కకు తప్పుకుంది.

భాను కుళాయి దగ్గర కూర్చుని, కత్తెరతో బస్తా మూతి విప్పి, బంతి మొక్కల మొదట్లో ఇసుకంతా చేతులతో గోకి గోకి అందులో పోసింది. పూలు కొన్ని విరిగి పడ్డాయి. ఈసారి మూతి కుట్టమని తల్లికి ఇవ్వలేదు. తాడుతో తనే కట్టింది. లోపలికెళ్లి రెండు జతల బట్టలు సంచిలో పెట్టుకుంది.

"ఎక్కడికే?"

"సోమవారం దాకా ఉష దీదీ దగ్గరుంటాను. ఇక్కడ ఏది నిజం బరువో నాకు తెలీటం లేదు."

ఈసారి బస్తా భుజానికెక్కడానికి రెండుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. ఎక్కాక మనిషి కొంచెం ఒరిగింది. ఒక చేత్తో బస్తా పట్టుకుని, రెండో చేతికి బట్టల సంచి తగిలించుకుని, వెనక్కి చూడకుండా గల్లీ చివరికి వెళ్లిపోయింది. అప్పలకొండ గుమ్మంలో నిలబడి చూసింది. ఏళ్ల తరబడి ఆ నిలబడటం అలవాటే. కాకపోతే వెళ్లినవాళ్లు తిరిగొస్తారని తెలిసి నిలబడటం వేరు.

ఆ తర్వాత ఏం చెయ్యాలో తోచక కత్తెర తీసుకుని కూర్చుంది. మెరూన్ జాకెట్టు చేతుల మూడేసి కుట్లూ, పోగు పోగు, విప్పింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, ఆమెకూ తెలుసు. తెగిన దారాలన్నీ ఏరి ఒళ్లో వేసుకుంది. జాకెట్టు సాపు చేసి మడతపెట్టింది. రేకుపెట్టె పక్కనే తెరిచి ఉంది. మడతపెట్టిన జాకెట్టు ఎప్పుడూ అందులోకే పోతుంది, చెయ్యి అలవాటుగా అటే వెళ్లింది. చిన్నమ్మి పచ్చముడి మీద పెట్టబోయి ఆగిపోయింది. వెళ్లిపోయినవాళ్ల పెట్టె అది. జాకెట్టును గుండెలకు అదుముకుని, పెట్టె మూత కాలితో తోసేసింది.

ఎంతసేపు అలా కూర్చుందో తెలియదు. ఫోను మోగేసరికి గదిలో వెలుతురు తగ్గింది. చదవడం రాకపోయినా ఫొటో చూసి గుర్తుపట్టింది, ఉషారాణి.

"పిన్నీ, భాను ఉందా? సాయంత్రం వస్తాదని సూస్తన్నాను. ఫోను ఎత్తట్లేదు."

"నీ కాడికే వచ్చింది కదమ్మా. నాలుక్కే బయలెల్లింది."

"ఇక్కడికి రాలేదు పిన్నీ. ఆరు దాటిపోయింది."

అప్పలకొండ చెప్పులు కూడా వేసుకోలేదు. పైడిరాజు కొట్టు దగ్గర ఆగి అడిగింది. "లైను పక్క కాలిదారిలో ఎల్లింది అమ్మా, బస్తా మోసుకుని. ఆటో ఎక్కు పాపా అన్నాను. ఇనలేదు," అన్నాడు అతను. సింహాచలం ముప్పై ఏళ్లు నడిచిన లైను అది. పట్టాల వెంట కంకరలో కాళ్లు కోసుకుంటూ, "భానూ, భానూ" అని పిలుచుకుంటూ అప్పలకొండ నడిచింది. బండి ఒకటి ఎదురుగా వచ్చి, పిలుపు మింగేసి పోయింది.

రెండు కరెంటు స్తంభాలు దాటాక గడ్డిలో తెల్లగా కనిపించింది. బస్తా. తాడు ముడి అలాగే ఉంది. బట్టల సంచి లేదు. చుట్టుపక్కల మనిషి లేదు.

పడేసినట్టు లేదు. ఎవరో నెమ్మదిగా దించి, స్తంభానికి ఆనించి పెట్టినట్టుంది. నాలుగు నెలలుగా కూతురు రోజుకు పదిసార్లు చెప్పిన మాట అప్పలకొండకు గుర్తుంది. ఏమైనా సరే, బస్తా కింద పెట్టకూడదమ్మా.

అప్పలకొండ చుట్టూ చూసింది. తర్వాత కొంగు నడుముకు బిగించి, వంగి, రెండు చేతులతో బస్తా పట్టుకుని, ఒక్కసారి ఊపిరి బిగించి భుజానికెత్తుకుంది. ఇరవై కిలోలు. ఇసుక తీసేటప్పుడు గరిటె గరిటెగా తీసింది కాబట్టి, మొత్తం ఎంత బరువో ఆమెకు ఇవాళే తెలిసింది. అయినా దించకుండా, చీకటి పడుతున్న లైను వెంట ముందుకు నడవడం మొదలుపెట్టింది.

(సశేషం)